కోంటా ఆస్పత్రి గ్యాసు పెట్టె

కోంటా, బస్తరు సంస్థానం
8 జూలై 1945

తమ్ముడు రాఘవులుకు అక్క తిరుపతమ్మ రాయునది.

నువ్వూ మరదలు సోమక్కా బాగున్నారని తలుస్తాను. నేను బాగున్నానని రాయడానికి చేయి రావడం లేదు. రాస్తున్న చోట నా నెత్తి మీద పద్నాలుగు తడి దుప్పట్లు వేలాడుతున్నాయి. ఒక చుక్క ఇప్పుడే ఈ కాగితం మీద పడింది. మరక చూసుకో.

నువ్వు రాజమండ్రిలో తయారుచేసి, లాంచీ మీద కూనవరానికి, అక్కడి నుంచి శబరి మీద నాటు పడవలో పంపిన గ్యాసు పెట్టె చేరింది. నీ కాగితంలో రాసినట్టే ఆస్పత్రి వెనక వసారాలో పెట్టించాను. ఒక పక్క బస్సుకు తగిలించే బొగ్గు డ్రమ్ము. దానికి గొట్టం, మధ్యలో కొబ్బరి పీచు కూరిన వడపోత డబ్బా, చివర మంట వచ్చే చిల్లుల గొట్టం. దాని మీద మనిషి నిలబడేంత రేకు గది, లోపల దుప్పట్లు వేసే తీగలు, పైన పొగ గొట్టం. "యుద్ధం వల్ల పెట్రోలు దొరక్క బస్సులన్నీ బొగ్గు గ్యాసు మీదే నడుస్తున్నాయి, ముప్పై మందిని లాగే గ్యాసు నీ దుప్పట్లు ఆరబెట్టలేదా" అని నువ్వు రాసిన మాట ఇర్మెకు కూడా చదివి వినిపించాను. ఇర్మె అంటే మీ బావ పోయాక నాతో ఉతకడానికి వస్తున్న దొర్ల తెగ ఆడమనిషి.

పోయిన ఆదివారం వెలిగించాం. నాలుగు రోజులు దుప్పట్లు అప్పడాల్లా పెళపెళలాడుతూ బయటికొచ్చాయి. శుక్రవారం నుంచి చల్లబడింది. బొగ్గు ఉంది, నిప్పు వేశాం, డ్రమ్ములోంచి గ్యాసు లాగే పంకా తిప్పీ తిప్పీ ఇర్మె రెక్కలు పడిపోయాయి. చిల్లుల గొట్టం దగ్గర అగ్గిపుల్ల పెడితే నీలం మంట ఒకసారి తొంగిచూసి ఆరిపోతుంది. పొద్దున వేసిన దుప్పటి సాయంత్రానికి అలాగే ఉంటుంది, పైగా బొగ్గు కంపు.

ఇది నవ్వులాట కాదు. పోయిన వానాకాలం తడి దుప్పట్ల మీద పడుకుని ఆరుగురు రోగులకు ఒళ్ళంతా పుళ్ళు లేచాయి. డాక్టరు గారు నాతో తేల్చి చెప్పేశారు. వానలు తగ్గి రోడ్డు తెరిస్తే జగదల్పూరు నుంచి పెద్ద డాక్టరు తనిఖీకి వస్తారు. అప్పటికి మంచాల మీద పొడి దుప్పట్లు లేకపోతే ఈ పని మరొకరికి ఇస్తారు. పని పోతే ఆస్పత్రి వెనక నేనుంటున్న గది కూడా పోతుంది. నాకు ఇంకో ఇల్లు లేదని నీకు తెలుసు. నీ పెట్టెను నమ్ముకుని డాక్టరు గారికి మాటిచ్చాను. వెంటనే జవాబు రాయి.

తడిసిపోయిన నీ అక్క,
తిరుపతమ్మ

*

రాజమండ్రి
20 జూలై 1945

అక్కకు రాఘవులు నమస్కారం.

నీ ఉత్తరాన్ని బస్సు షెడ్డులో అందరి ముందూ విప్పి చదివాను. అదే నేను చేసిన తప్పు. "నీ పెట్టె కంటే నీ అక్క ఉత్తరమే వేడిగా ఉంది" అని రెండు రోజులుగా నన్ను ఏడిపిస్తున్నారు.

ఆ డ్రమ్ము భద్రాచలం దారిలో రెండేళ్ళు నడిచింది. ఏ ఒక్క రోజూ మొరాయించలేదు. కోంటా చేరగానే దానికి రోగం వచ్చిందంటే రోగం డ్రమ్ముది కాదు. కోపం తెచ్చుకోకు. నీకు మిషన్లు కొత్త.

ముందు బొగ్గు చూడు. తడి బొగ్గు పొగ ఇస్తుంది, గ్యాసు ఇవ్వదు. కాల్చిన బొగ్గును నీళ్ళు చల్లి ఆర్పారేమో కనుక్కో, మట్టి కప్పి ఆర్పిందే కావాలి. వడపోత డబ్బాలో పీచు తీసి ఉతికి ఎండబెట్టు. ఉతకడం నీకు నేను నేర్పక్కర్లేదు. పొగ గొట్టంలోకి చేయి పెట్టి చూడు. దుప్పట్ల నూగు లేచి అక్కడ పేరుకుంటే వేడి పైకి లాగదు, మంట నిలబడదు. నిప్పు వేశాక పంకా వంద చుట్లు ఆగకుండా తిప్పాలి, యాభై చుట్లకు ఆపి కబుర్లు చెప్పుకోకూడదు.

ఇవన్నీ వరసగా చెయ్యి. ఒకటి చేసి, రెండోది మరిచిపోయి, నాకు ఉత్తరం రాయకు.

సోమక్క నిన్ను అడిగినట్టు రాయమంది. ఇక్కడ గోదావరి ఎర్రబడింది.

ఇట్లు,
రాఘవులు

*

కోంటా
5 ఆగస్టు 1945

మిషన్లు బాగా తెలిసిన తమ్ముడికి, ఏమీ తెలియని అక్క రాయునది.

నువ్వు చెప్పినవన్నీ చెప్పిన వరసలోనే చేశాను. పంకా నేనే తిప్పాను, ఇర్మె గట్టిగా లెక్కపెట్టింది. నూట పది చుట్లు. పీచు ఉతికాను. పొగ గొట్టంలోకి ఇర్మె వెదురు కర్ర దోపి లాగితే కంబళి ముక్కంత నూగు వచ్చి పడింది. దాన్ని చూసి ఇద్దరం రోగం దొరికిందనుకున్నాం. ఆ రోజు మంగళవారం. మంట నిలబడింది, రేకు గది వేడెక్కింది. బుధ, గురువారాలు కూడా బాగా ఆరాయి. నీకు మంచి మాట రాద్దామని కాగితం కూడా కొన్నాను. శుక్రవారం మళ్ళీ చల్లబడింది.

ప్రతి వారం ఇదే వరస. మంగళవారానికి కాస్త కోలుకుంటుంది, శుక్రవారం పడుకుంటుంది. డాక్టరు గారు దుప్పటి చేత్తో పట్టుకుని "సూఖా నహీ హై బాయీ" అని నా మొహం చూస్తారు. పొడిగా లేదని ఆయన చెప్పాలా నాకు? ఇరవై ఏళ్ళుగా ఉతుకుతున్న దాన్ని.

మేమేదో దాన్ని పట్టించుకోవడం లేదని నీ అనుమానం. ఆ డ్రమ్మును మేం ఇంట్లో పొయ్యిని చూసుకున్నట్టు చూసుకుంటున్నాం. పొయ్యికి చేసే మర్యాదలన్నీ దానికీ జరుగుతున్నాయి. మా ఇంటికొచ్చిన చుట్టం కూడా అంత మర్యాద ఎరగడు.

బొగ్గు మాసా ఇస్తాడు. గురువారం సంతకు కావడిలో తెస్తాడు. ఈ చుట్టుపక్కల అతనిలా బొగ్గు కాల్చేవాళ్ళు లేరు. నీళ్ళు చల్లుతావా అని అడగడానికి నాకు నోరు రాలేదు. నువ్వు రాసిన ఆ మాట తప్ప మిగతావన్నీ చేశాను.

మంచాలు పద్నాలుగూ నిండాయి. జ్వరాల కాలం.

ఇట్లు,
వంద చుట్లకు పది ఎక్కువ తిప్పిన
తిరుపతమ్మ

*

రాజమండ్రి
17 ఆగస్టు 1945

అక్కకు రాఘవులు నమస్కారం.

యుద్ధం అయిపోయిందట. మొన్న ఊరంతా జెండాలు కట్టారు. మా షెడ్డులో మాత్రం కొందరి మొహాలు వాడిపోయాయి. పెట్రోలు వస్తే గ్యాసు డ్రమ్ములు విప్పి పారేస్తారు, వాటిని బాగుచేసే మాలాంటి వాళ్ళను ఏంచేస్తారో తెలియదు. అది నా గొడవ, నీకెందుకులే.

నీ ఉత్తరంలోనే జవాబు ఉంది, నీకు కనపడలేదంతే. మాసా గురువారం బొగ్గు తెస్తాడు, శుక్రవారం పెట్టె పడుకుంటుంది. ఆ బొగ్గు వసారాలో నాలుగు రోజులు ఆరాక మంగళవారం పని చేస్తుంది. ఇంకేం కావాలి? మాసా తడి బొగ్గు అమ్ముతున్నాడు. నువ్వు మొహమాటపడి అడగలేదు. ఆ మొహమాటం వల్ల నా పెట్టెకు చెడ్డపేరు వచ్చింది.

చెడ్డపేరు అని ఎందుకంటున్నానంటే, కోంటా నుంచి వచ్చిన పడవ మనిషి రేవులో నలుగురి ముందు చెప్పాడు. "మీ అక్కయ్య, తమ్ముడు బస్సు తుక్కు తెచ్చి నా మీద పడేసిండని అంటున్నది" అన్నాడు. అక్కా, ఆ డ్రమ్ము తుక్కు కాదు. ఆదివారాలు ఇంట్లో ఉండకుండా మూడు నెలలు కూర్చుని చేశాను. ఆ మాట నాకు తిండి సయించకుండా చేసింది.

దీనితో బొమ్మ గీసి పంపుతున్నాను. ప్రతి గొట్టానికి, ప్రతి మరకు పేరు రాశాను. మరలు తిప్పే పానాలు రెండు కూడా పడవలో పంపాను. ఎవరి చేతా పట్టించకుండా నీ చేత్తోనే ఒక్కొక్క ముక్క విప్పి, తుడిచి, మళ్ళీ బిగించు. ఎక్కడ గాలి కారుతోందో నీకే తెలుస్తుంది. కానీ ముందు బొగ్గు మార్చు.

ఇట్లు,
రాఘవులు

*

కోంటా
30 ఆగస్టు 1945

రాఘవులూ,

క్షేమ సమాచారాలు రాసే ఓపిక లేదు.

నీ మాట విని మాసాను అడిగాను. నేను తప్పుగా అడగలేదు, "నీళ్ళు గిట్ల తగిలినయా" అన్నాను, అంతే. అతను కావడి దించి, రెండు బొగ్గు ముక్కలు తీసి నా చెవి దగ్గర ఒకదానితో ఒకటి కొట్టాడు. కంచు మోగినట్టు మోగాయి. "తడి బొగ్గు ఇట్ల పలుకుతదా తిరుపతమ్మా? మా తాత కాలం నుంచి కాలుస్తున్నం. నీ తమ్ముడు ఏ అడివిల కాల్చిండు?" అన్నాడు. కావడి ఎత్తుకుని వెళ్ళిపోయాడు. ఈ గురువారం సంతకు రాలేదు. మీ బావ పోయిన రోజున పాడె కట్టిన మనిషి అతను.

మిగిలిన బొగ్గును పెనం మీద వేయించి మరీ వేశాను. వేయించిన బొగ్గుతో కూడా శుక్రవారం చల్లబడింది. ఇప్పుడేమంటావు?

పడవ మనిషితో నేను తుక్కు అనలేదు. "తమ్ముడు బస్సుది పంపిండు" అన్నాను. ఆ తుక్కు అతని సొంతం. నువ్వు నన్ను ఒక్క మాట అడగకుండా తిండి మానేశావు.

నీ బొమ్మ పట్టుకుని పెట్టెనంతా విప్పాను. ముప్పై ఒక్క ముక్కలు. తుడిచి మళ్ళీ బిగించాను. మొదటిసారి ఒక పూట పట్టింది, రెండోసారి అందులో సగం. గాలి ఎక్కడా కారడం లేదు. సబ్బు నురుగు రాసి చూశాను, బుడగ రాలేదు. అది నువ్వు చెప్పలేదు, నాకే తోచింది.

సోమవారం ఇర్మె రేకు గదిలో దుప్పట్లు తీస్తూ తీస్తూ తలనొప్పి అని బయటికొచ్చి వాంతి చేసుకుంది. నాకూ తల దిమ్ముగా ఉంటోంది. ఈ జ్వరాల గాలికి అనుకున్నాం. మంట ఆరిపోయినా కాస్త వెచ్చగా ఉంటుందని, వాన పడుతుంటే లోపలే కూర్చుని దుప్పట్లు మడతపెడుతున్నాం.

డాక్టరు గారు జగదల్పూరుకు ఏదో కాగితం రాశారట. నా గురించే అయి ఉంటుంది.

తిరుపతమ్మ

*

రాజమండ్రి
8 సెప్టెంబరు 1945

అక్కా,

ఇది చదవగానే ఆ రేకు గది తలుపులు రెండూ తీసి పారెయ్యి. నువ్వు గానీ ఇర్మె గానీ లోపల ఒక్క నిమిషం కూడా కూర్చోవద్దు. మంట ఆరిపోయాక వచ్చే గ్యాసుకు రంగుండదు, వాసనుండదు. మా షెడ్డులో ఒకతను మూసిన బస్సులో డ్రమ్ము పక్కన నడుం వాల్చి మళ్ళీ లేవలేదు. ఈ సంగతి మొదటి ఉత్తరంలోనే రాయాల్సింది. బస్సులు బయట గాలిలో తిరుగుతాయి కాబట్టి నాకు తట్టలేదు. ఆ తప్పు నాదే.

పోస్టును నమ్మలేక తెలిసిన పడవలో ఇస్తున్నాను. డాక్టరు గారికి కూడా మూడు ముక్కలు రాశాను, నువ్వు మొండిదానివని నాకు తెలుసు కనుక.

ఇంకొకటి. గురువారం సాయంత్రం నుంచి శనివారం దాకా ఆ డ్రమ్ము దగ్గర మీరు ఏమేం చేస్తారో ఒక్కటీ వదలకుండా రాయి. చెంబు ఎక్కడ పెడతారో అది కూడా రాయి.

రాఘవులు

*

కోంటా
16 సెప్టెంబరు 1945

రాఘవులుకు,

పడవ మనిషి పరుగున తెచ్చి ఇచ్చాడు. తలుపులు ఊడదీయించాను. ఇర్మె బాగానే ఉంది. నేనూ బాగానే ఉన్నాను.  రెండు నెలలు నన్ను దేనిలో కూర్చోబెట్టావురా నువ్వు?

ఇక పోలీసు వాడికి చెప్పినట్టు శుక్రవారం సంగతి చెప్పమన్నావు. చెబుతున్నా రాసుకో.

గురువారం సాయంత్రం బొగ్గు పోస్తాం. శుక్రవారం తెల్లవారగానే తలస్నానం. ఇర్మె ఎర్రమట్టి, పేడ కలిపి తెస్తుంది. నిప్పు వెయ్యకముందే డ్రమ్మును పైనుంచి కిందదాకా అలుకుతాం. అలకని పొయ్యి మీద ఎవరైనా వండుతారా? రోగుల బట్టలు ఆరే చోటు, ఇంకా శుభ్రంగా ఉండాలి. అడుగున చుట్టూ పన్నెండు చిల్లులున్నాయి. కొత్త డ్రమ్ము దొరక్క చిల్లులుపడ్డది పంపావని నేను ఎవరితోనూ అనలేదు, నీ పరువు కాపాడాను. వాటిలో ఇర్మె వేలితో మట్టి కూరి నున్నగా మెత్తుతుంది. ఆరాక సున్నంతో గీతలు, పసుపు బొట్టు. తరవాత చిన్న తలుపు తీసి నిప్పు వేస్తాం. సోమ, మంగళవారాలకల్లా వేడికి ఆ మట్టి నెర్రెలిచ్చి రాలిపోతుంది. మళ్ళీ శుక్రవారం మెత్తుతాం.

చెంబు గూట్లో పెడతాం.

ఇందులో తప్పేముందో చెప్పు, వింటాను.

తిరుపతమ్మ

*

రాజమండ్రి
25 సెప్టెంబరు 1945

అక్కకు,

నీ ఉత్తరం చదివి షెడ్డు బయటికి వెళ్ళి కాసేపు ఒంటరిగా కూర్చున్నాను. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తరవాత కోపం వచ్చింది, అది ఇంకా తగ్గలేదు.

ఆ పన్నెండు చిల్లులు తుప్పు పట్టి పడినవి కావు. బర్మాతో తొలిచి నేనే వేశాను. డ్రమ్ము వాటితోనే గాలి పీలుస్తుంది. అవి మూస్తే లోపల నిప్పు ఉక్కిరిబిక్కిరై చల్లారుతుంది. సగం తెరుచుకుంటే గ్యాసు నీరసంగా వచ్చి, మంట ఆరిపోయి, ఆ విషం రేకు గదిలో నిండుతుంది. అన్నీ తెరుచుకున్న రోజున పని చేస్తుంది. మీరేమో వారం వారం దాని ముక్కు మూసి, దానికే బొట్టు పెట్టి, చల్లబడిందని నన్ను తిట్టారు. గ్యాసు డ్రమ్మును పేడతో అలికిన మనిషి ఈ గోదావరి పొడుగునా నువ్వు ఒక్కదానివే అయి ఉంటావు. మూడు నెలలు నన్ను, నా పనిని, నా షెడ్డును నవ్వులపాలు చేశావు.

మేకుతో ఆ చిల్లులు పన్నెండూ పొడిచి శుభ్రం చెయ్యి. ఇక మీదట డ్రమ్ముకు మట్టి తగలకూడదు. రేకు గది తలుపులకు కింద జానెడు, పైన జానెడు ఖాళీ వదిలి మళ్ళీ పెట్టించు.

మాసాను అనకూడని మాట అన్నాను. ఆ తప్పు ఒప్పుకుంటున్నానని చెప్పు.

ఇట్లు,
రాఘవులు

*

కోంటా
27 అక్టోబరు 1945

రాఘవులుకు,

రెండు సంగతులు రాయాలి. మొదటిది పాత కోపం, రెండోది కొత్తది.

మొదటిది. నువ్వు ఏ ఇంట్లో పుట్టావు? మన అమ్మ పొయ్యి అలకకుండా ఒక్క పొద్దయినా నిప్పు రాజేసిందా? ఆ పొయ్యి పక్కన కూర్చునే కదా నువ్వు అన్నం తిని ఇంతవాడివయ్యావు. ఈ దేశంలో ఏ ఆడదాని చేతికైనా మట్టి పొయ్యి ఇచ్చినా, ఇనప పొయ్యి ఇచ్చినా మొదట అలుకుతుంది. అలకకూడని పొయ్యి చేసి, ఆ ఒక్క మాట రాయకుండా పంపించావు. బొమ్మలో ముప్పై ఒక్క ముక్కలకు పేర్లు రాశావు గానీ ఆ పన్నెండు చిల్లులు గీయలేదు. బొమ్మ మళ్ళీ తీసి చూశాను, లేవు. బస్సు నడిపేవాడి కోసం చేశావు, నా కోసం చెయ్యలేదు. నవ్వులపాలు చేసింది నేను కాదు.

చిల్లులు పొడిచాం. ఆ రోజు నుంచి ఒక్క దుప్పటి కూడా తడిగా పోలేదు. మాసా మళ్ళీ సంతకు వస్తున్నాడు. నీ మాట చెబితే విని, "బొగ్గు సంగతి ఇప్పటికి తెలుసుకున్నడు, ఇగ మట్టి సంగతి ఎప్పుడు తెలుసుకుంటడో" అన్నాడు.

రెండోది. సోమవారం జగదల్పూరు పెద్ద డాక్టరు వచ్చారు. మూడు రోజులుగా తుఫాను ముసురు, ఊళ్ళో ఒక్క గుడ్డ ఆరలేదు. ఆయన మంచం మంచానికీ వెళ్ళి దుప్పటి తీసి చెంపకు ఆనించుకుని చూశారు. పద్నాలుగూ పొడి. వసారాకు వచ్చి పెట్టె చూసి చాలా మెచ్చుకున్నారు. నేను తలుపు పక్కనే నిలబడి ఉన్నాను. నా గుండె నిండిపోయింది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

అప్పుడు ఆయన ఈ యంత్రం ఎవరు చూస్తారని అడిగారు. డాక్టరు గారు నా వైపు చెయ్యి చూపించారు. పెద్ద డాక్టరు నవ్వి, "మశీన్ కా కామ్ ఔరత్ కా నహీ" అన్నారు. యంత్రం పని ఆడదానిది కాదట. గ్యాసు ప్రమాదం, మిస్త్రీ ఉండాలి అన్నారు. డాక్టరు గారు లోపలికి వెళ్ళి నీ ఉత్తరం తెచ్చి చదివారు. రాజమండ్రి మిస్త్రీ, ఈమె తమ్ముడే, ఎప్పుడు రమ్మంటే అప్పుడు వస్తానని రాశాడు అన్నారు. పెద్ద డాక్టరు, ఇంకేం, అతన్నే పెట్టండి, పెట్టె ఉండగా ఉతకడానికి ఇద్దరు ఆడవాళ్ళు దేనికి, ఒక్క మిస్త్రీ అన్నీ చూసుకుంటాడు, ఆ గది కూడా అతనికే ఇవ్వండి అన్నారు.

దుప్పట్లు తడిగా ఉంటే పని పోతుందని నాలుగు నెలలు భయపడ్డాను. ఆరాక పోయింది. అది కూడా నీకు పోయింది.

మూడు ముక్కలు రాశానన్నావు. ఆ మూడు ముక్కలూ ఇవేనా? గది ఊడ్చి పెట్టమంటావా?

తిరుపతమ్మ

*

రాజమండ్రి
5 నవంబరు 1945

అక్కా,

ఇంత మాట నువ్వు రాస్తావనుకోలేదు. నేను డాక్టరు గారికి రాసింది ఇది, అక్షరం మార్చకుండా రాస్తున్నాను: "గ్యాసు వల్ల మా అక్కకు ప్రాణాపాయం ఉంది. ఆమెను లోపలికి వెళ్ళనివ్వకండి. కావాలంటే రమ్మన్నప్పుడు వచ్చి బాగుచేసి వెళతాను." ఇందులో ఉద్యోగం ఎక్కడుంది? బాగుచేసి వెళతానని ఉంది, ఉంటానని లేదు. నీ ప్రాణం కోసం రాసిన కాగితం పట్టుకుని నీ గది నాకు ఇస్తే, ఆ కోపం నా మీద చూపిస్తావా?

వాళ్ళ పిలుపు నాకు చేరింది. దాచకుండా చెబుతాను. సోమక్క రెండు రోజులు ఆశపడింది. ఇక్కడ ఆరు బస్సులకు డ్రమ్ములు విప్పేశారు, వచ్చే నెల నుంచి నన్ను రావొద్దన్నారు. నేను కూడా ఒక పూట ఆలోచించాను. అందుకు సిగ్గుపడుతున్నాను.

నేను రావడం లేదు. డాక్టరు గారికి ఇదే పోస్టులో రాశాను. ఆ పెట్టె సంగతి ఇప్పుడు నాకంటే మా అక్కకే ఎక్కువ తెలుసు, సబ్బు నురుగుతో గాలి కారడం చూడొచ్చని నాకు ఆమే నేర్పింది, మిస్త్రీ కావాలంటే ఆమే మిస్త్రీ అని రాశాను. ఆయన ఒప్పుకుంటారో లేదో నాకు తెలియదు.

చిల్లులు గీయనిది నిజమే. అవి ఎవరికైనా తెలుస్తాయనుకున్నాను.

ఇట్లు,
రాఘవులు

*

కోంటా
18 నవంబరు 1945

తమ్ముడు రాఘవులుకు, సోమక్కకు, అక్క దీవెనలు.

నీ ఉత్తరం గురువారం వచ్చింది. డాక్టరు గారికి రాసింది కూడా ఆ సంచిలోనే వచ్చింది. ఆయన చదివి, మడిచి, "అచ్ఛా, అయితే జగదల్పూరు నుంచి వేరే మిస్త్రీని పిలుస్తాం" అన్నారు. అంతే. నీ మాట ఆయన చెవికి కూడా ఎక్కలేదు.

నేను వసారాకు వెళ్ళి నువ్వు పంపిన పానాలు తీశాను. పెట్టెనంతా విప్పేశాను. ముప్పై ఒక్క ముక్కలూ తెచ్చి ఆస్పత్రి ముందు అరుగు మీద వరసగా పేర్చాను. పద్నాలుగు తడి దుప్పట్లు పక్కన గంపలో పెట్టాను. మళ్ళీ ముసురు పట్టింది ఆ రోజు. ఇర్మె భయపడి, "అక్కా, ఏందిది, జేలుకు పంపుతరు" అంది. పంపనీ అన్నాను. డాక్టరు గారు బయటికొచ్చి చూసి అరిచారు. నేను అరవలేదు. "మీ మిస్త్రీని పిలవండి బాబూ. అతను వచ్చి బిగించేదాకా రోగులు ఈ దుప్పట్ల మీదే పడుకుంటరు" అన్నాను.

ఆయన కాంపౌండరును పిలిచారు, చౌకీదారును పిలిచారు. చౌకీదారు వడపోత డబ్బా తీసి తలకిందులుగా పెట్టాడు. రోగులు లేవగలిగిన వాళ్ళంతా వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. సంతకు వచ్చిన మాసా కూడా కావడి దించి కూర్చున్నాడు. చాలాసేపు ఎవరూ ఏమీ చెయ్యలేకపోయారు. చివరికి డాక్టరు గారు తల పట్టుకుని, "సరే బాయీ, నువ్వే పెట్టు" అన్నారు.

ఒక్కొక్క ముక్క చేత్తో పట్టుకుని, దాని పేరు చెప్పి, అది ఏం చేస్తుందో చెప్పి బిగించాను. ఎక్కడ ఏం చెడితే వేడి రాదో చెప్పాను, మంట ఆరితే తలుపులు ఎందుకు తియ్యాలో చెప్పాను. ఇర్మె వంద చుట్లు తిప్పింది. మంట నిలబడింది. డాక్టరు గారు ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావని అడిగారు. "పోస్టులో" అన్నాను. ఆయన నవ్వలేదు. నేను కూడా నవ్వించడానికి అనలేదు.

అప్పటికప్పుడు కాగితం తెప్పించి హుకుం రాశారు. ఉతికే పని, యంత్రం పని రెండూ మాకే. ఇర్మె పేరు కూడా వేయించాను. గది నాకే. పెద్ద డాక్టరుకు తాను నచ్చజెబుతానన్నారు. డ్రమ్ములు విప్పేశాక నీకు పని లేకపోతే ఇక్కడికి రా, సోమక్కను తీసుకుని రా. నా గదిలో ఉండండి, నా చేతి కింద పని చేద్దువు గాని. ఆ ఒక్క పూట ఆలోచించానని రాశావు చూడు, అది రాయకపోతే నాకు తెలిసేది కాదు. రాసినందుకు నీ మీద కోపం సగం పోయింది. సగం ఉంది.

ఒక్కటి చెప్పి ముగిస్తాను. హుకుం హిందీలో ఉంది, నాకు ఆ అక్షరాలు రావు. చదివి వినిపించమన్నాను. "స్వర్గీయ సీతయ్య కీ ఔరత్" అని చదివారు, పోయిన సీతయ్య భార్య అని. మీ బావ బతికినన్నాళ్ళూ సీతయ్య భార్య అనే రాశారు, పోయాక కూడా అలాగే రాశారు, ఇరవై ఏళ్ళలో నేను ఒక్కసారీ అడగలేదు. ఈసారి కొట్టేయమన్నాను. ఎందుకన్నారు. మంట వెలిగించింది ఆయన భార్య కాదు, నేను అన్నాను. డాక్టరు గారు గీత కొట్టి, దాని పైన నా పేరు రాశారు. రెండుసార్లు చదివించుకున్నాను.

ముసురుకు సిరా తొందరగా ఆరలేదు. ఆరేదాకా అక్కడే నిలబడ్డాను.

ఇట్లు,
తిరుపతమ్మ